గడప దగ్గరి దుమ్మే తొలి ప్రయోగశాల: ఉర్లా పిల్లలను బడి విజ్ఞాన ప్రదర్శనకు సిద్ధం చేయడం ఎలా?

రాయపూర్: ప్రాథమిక పాఠశాలల్లో విజ్ఞాన ప్రదర్శన ప్రకటన వెలువడగానే చాలా ఇళ్లలో తొలి ప్రశ్న ఒకటే వినిపిస్తుంది: ‘ఏ మోడల్ కొనాలి?’ థర్మోకోల్ అగ్నిపర్వతం, రంగులు వేసిన సౌరకుటుంబం, దుకాణంలో అమర్చి ఇచ్చిన గాలిమర ప్రదర్శన బల్లలపైకి చేరుతాయి. వాటి వెనుక నిలబడిన మూడో తరగతి విద్యార్థి కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలను తడబడకుండా అప్పగిస్తాడు. ‘ఇది ఇలాగే ఎందుకు జరుగుతుంది?’ అని ఎవరైనా అడిగితే మాత్రం పక్కనున్న తండ్రి ముఖం చూస్తాడు. బహుమతి వచ్చినా రాకపోయినా, సొంతంగా ప్రశ్న వేసి సమాధానం వెతికే అవకాశాన్ని ఆ బిడ్డ కోల్పోయినట్టే.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు ఉత్తరాన, బీర్‌గావ్‌ను ఆనుకొని ఉన్న ఉర్లా పారిశ్రామిక ప్రాంతంలో ఈ విషయానికి అదనపు ప్రాధాన్యం ఉంది. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, ఉక్కు రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ యూనిట్ల మధ్య నివసించే కుటుంబాలకు కిటికీ అంచున పేరుకునే నల్లటి దుమ్ము నిత్యానుభవం. పిల్లలు రోజూ చూసే ఆ దుమ్ములోనే చక్కని విజ్ఞాన ప్రశ్న దాగి ఉంది. దానికి కావలసినవి కొన్ని అట్ట ముక్కలు, కాస్త వాజ్‌లైన్, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం మాత్రమే.

ప్రదర్శన ఎందుకు పుట్టింది?

పిల్లల విజ్ఞాన ప్రదర్శనల చరిత్ర సుమారు శతాబ్దం నాటిది. న్యూయార్క్ నగరంలోని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ 1928లో విద్యార్థుల కోసం ప్రదర్శనలు ప్రారంభించింది. అమెరికాలో తొలి జాతీయ విజ్ఞాన ప్రదర్శన 1950లో ఫిలడెల్ఫియాలో జరిగింది. భారతదేశంలో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 1971 నుంచి జాతీయ స్థాయిలో బాలల విజ్ఞాన ప్రదర్శనలను నిర్వహిస్తోంది. 1928 ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ ప్రకటించిన ఆవిష్కరణకు గుర్తుగా 1987 నుంచి ఆ తేదీని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా పాటిస్తున్నారు. అనేక పాఠశాలలు తమ ప్రదర్శనలను ఆ రోజునే ఏర్పాటు చేస్తాయి.

పెద్ద పోటీలు మాత్రం చిన్న పిల్లల కోసం ఉద్దేశించినవి కావు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల వారు చిన్న బృందాలుగా ఏర్పడి స్థానిక సమస్యలను అధ్యయనం చేస్తారు. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద 6వ తరగతి, ఆపై తరగతుల విద్యార్థుల ఆలోచనలు ఎంపికైతే నమూనా తయారీకి రూ.10,000 అందుతుంది. 1 నుంచి 5 తరగతుల వారికి ఇటువంటి ఒత్తిడి లేదు. వారి ప్రదర్శన బడి ఆవరణకే పరిమితం. పొరపాటు చేసినా నష్టం లేని ఆ వయసులోనే పరిశీలించడం, లెక్కించడం, నమోదు చేయడం అలవడితే పై తరగతుల్లో అవే పెట్టుబడి అవుతాయి.

నమూనా వేరు, ప్రయోగం వేరు

తల్లిదండ్రులు ముందుగా గ్రహించవలసిన భేదం ఇది. నమూనా తెలిసిన విషయాన్ని చూపుతుంది. ప్రయోగం తెలియని విషయాన్ని అడుగుతుంది. ‘అగ్నిపర్వతం ఎలా పేలుతుంది?’ అన్నదానికి సమాధానం పుస్తకంలో ఉంది. ‘మా ఇంటి వీధి వైపు కిటికీలో ఎక్కువ దుమ్ము పడుతుందా, పెరటి వైపు కిటికీలోనా?’ అన్నదానికి సమాధానం ఏ పుస్తకంలోనూ లేదు. దానిని ఆ బిడ్డే కనుగొనాలి.

ప్రశ్న మంచిదో కాదో తెలుసుకోవడానికి మూడు గీటురాళ్లు సరిపోతాయి. సమాధానం ఒక వారంలో దొరకాలి. లెక్కించడానికో కొలవడానికో వీలుండాలి. ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగిలినవన్నీ ఒకేలా ఉంచగలగాలి. ‘కాలుష్యం ఎందుకు చెడ్డది?’ అన్నది వ్యాసరచనకు తగిన ప్రశ్న. ప్రయోగానికి తగినది కాదు.

దుమ్ము కార్డుల ప్రయోగం

పోస్టుకార్డు పరిమాణంలో ఐదు తెల్లని అట్ట ముక్కలు తీసుకోవాలి. ఒక్కొక్క దానిపై 5 సెం.మీ. భుజం గల చతురస్రం గీసి, దానిని 1 సెం.మీ. గళ్లుగా విభజిస్తే 25 గళ్లు వస్తాయి. వాటిపై వాజ్‌లైన్‌ను వేలితో పలుచగా పూయాలి. కార్డు వెనుక చోటు, తేదీ, సమయం రాయాలి.

నాలుగు కార్డులను నాలుగు చోట్ల ఉంచాలి: వీధి కిటికీ, పెరటి కిటికీ, డాబా, చెట్టు కింద. ఐదో కార్డును మూత బిగించిన డబ్బాలో పెట్టాలి. ఇది పోలిక కార్డు. గాలి తగలని ఈ కార్డుపైనా మచ్చలు కనిపిస్తే, అవి అట్టలోనో వాజ్‌లైన్‌లోనో ముందే ఉన్నాయని అర్థం. పోలిక కోసం ఒకదానిని వేరుగా ఉంచడం ఎందుకో ఎనిమిదేళ్ల బిడ్డకు తెలిస్తే, విజ్ఞాన పద్ధతిలో అతి ముఖ్యమైన పాఠం బోధపడినట్టే.

ఇరవై నాలుగు గంటల తర్వాత కార్డులు తెచ్చి, ప్రతి కార్డుపై ముందే నిర్ణయించుకున్న ఐదు గళ్లలో మచ్చలను భూతద్దంతో లెక్కించాలి. మచ్చలు ఎక్కువగా ఉన్న గళ్లనే ఏరుకుంటే ఫలితం వక్రమవుతుంది. అందుకే నాలుగు మూలలు, మధ్యగది అని ముందుగానే అనుకోవాలి. కొత్త కార్డులతో ఇదే పనిని మరో రెండు రోజులు చేయాలి. ఉదాహరణకు ఒక చోట మూడు రోజుల లెక్కలు 12, 9, 15 అయితే మొత్తం 36, సగటు 12. నాలుగో తరగతి గణితం ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది. ఒక్కరోజు లెక్కతో ఎందుకు సరిపెట్టకూడదో కూడా ఆ మూడు అంకెలే చెబుతాయి.

అయస్కాంతం చెప్పేది, చెప్పనిది

రెండో అంచె మరింత ఆసక్తికరం. కిటికీ అంచున పేరుకున్న పొడి దుమ్మును కాగితంపైకి నెమ్మదిగా తీసి, ఒక చెంచాడు కొలవాలి. అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి దుమ్ముపై తిప్పాలి. అంటుకున్న రేణువులను మరో కాగితంపైకి తెచ్చి, సంచి లోపలి నుంచి అయస్కాంతాన్ని వెనక్కు లాగితే అవి రాలిపడతాయి. సంచి లేకుండా చేస్తే ఆ రేణువులను అయస్కాంతం నుంచి వదిలించడం కష్టం.

స్పాంజ్ ఐరన్ తయారీలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, తిరిగే పొడవైన కొలిమిలో సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతారు. ఖనిజం కరగదు, దానిలోని ఆక్సిజన్ మాత్రం తొలగిపోతుంది. మిగిలిన ఇనుములో సన్నని రంధ్రాలు ఏర్పడి స్పాంజిలా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. పొగ గొట్టానికి ముందు విద్యుదావేశంతో ధూళిని పట్టే యంత్రాలను అమరుస్తారు. వాటి నుంచి తప్పించుకున్న ధూళిలో, ఖనిజాన్ని నలగ్గొట్టి రవాణా చేసేటప్పుడు లేచే ధూళిలో ఇనుప రేణువులు ఉండవచ్చు.

అయితే అయస్కాంతానికి అంటుకున్నదంతా కర్మాగారం నుంచే వచ్చిందని రాస్తే అది తొందరపాటు. బొగ్గు బూడిదలోనూ అయస్కాంత గుణం గల రేణువులుంటాయి. సాధారణ మట్టిలోనూ ఉంటాయి. ఉర్లాలోని తెలుగు కుటుంబం సంక్రాంతికి శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడు, అమ్మమ్మ ఇంటి కిటికీ దుమ్మునూ, సముద్రపు ఒడ్డు ఇసుకనూ చెరొక చెంచాడు తెచ్చుకోవచ్చు. ఆ తీరంలోని నల్ల ఇసుకలో మాగ్నటైట్, ఇల్మెనైట్ వంటి ఖనిజాలు ఉంటాయి కనుక, కర్మాగారం ఊసే లేని చోటి ఇసుక సైతం అయస్కాంతానికి అంటుకోవచ్చు. ఆ దృశ్యం చూసిన బిడ్డ తన ముగింపును తానే సరిదిద్దుకుంటుంది: ‘అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఇక్కడి దుమ్ములో ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఈ ప్రయోగం చెప్పదు.’ బహుమతి పొందదగిన వాక్యం అదే.

మరో పరిమితినీ పిల్లలకు చెప్పాలి. ఊపిరితిత్తుల్లోకి లోతుగా చొచ్చుకుపోయే సూక్ష్మ ధూళి 2.5 మైక్రోమీటర్లకు లోపు ఉంటుంది. అది మనిషి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ, భూతద్దానికి అందదు. కార్డుపై మచ్చలు తక్కువగా ఉన్నంత మాత్రాన గాలి శుభ్రమని అర్థం కాదు. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయపూర్, భిలాయి, కోర్బా నగరాలు ఉన్నాయి. ఆ కార్యక్రమం కోసం యంత్రాలు కొలిచేదానికీ, పిల్లల కార్డు చూపేదానికీ ఉన్న తేడాను వివరిస్తే ఇంట్లో చేసిన కొలతకు సరైన స్థానం తెలుస్తుంది.

పెద్దల చేయి ఎంతవరకు?

పెద్దలు చేయవలసిన పనులు కొన్నే: సామగ్రి సమకూర్చడం, పదునైన కత్తెర అవసరమైన చోట సాయపడటం, రోజూ గుర్తు చేయడం, ప్రశ్నలు అడగడం. చేయకూడనివి మరింత ముఖ్యం: లెక్కలను సరిదిద్దడం, చార్టును అందంగా తిరగరాయడం, ముగింపును చెప్పి రాయించడం. కార్డు గాలికి ఎగిరిపోతే దాచవలసిన పని లేదు. ‘రెండో రోజు డాబా మీది కార్డు ఎగిరిపోయింది’ అని రాయించాలి. వంకర అక్షరాల చార్టు, కొట్టివేతలున్న నోటుపుస్తకం బిడ్డ శ్రమకు సాక్ష్యాలు.

వయసును బట్టి పనిని పంచాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ‘ఎక్కువ, తక్కువ’ అని పోల్చి బొమ్మ గీస్తే చాలు. మూడు, నాలుగు తరగతుల వారు లెక్కించి పట్టిక రాయగలరు. ఐదో తరగతి వారు సగటు కట్టి, కమ్మీ రేఖాచిత్రం గీయగలరు.

భద్రత విషయంలో మాత్రం రాజీ తగదు. నమూనాల కోసం పిల్లలను కర్మాగారాల ప్రహరీల వద్దకు, స్లాగ్ కుప్పల వద్దకు, లారీలు తిరిగే రోడ్ల మీదకు పంపకూడదు. పైకి చల్లగా కనిపించే స్లాగ్ లోపల వేడిగా ఉండవచ్చు. పొడి దుమ్మును పెద్దలే, ముక్కుకు గుడ్డ కట్టుకొని తీయాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు కార్డుల ప్రయోగంతోనే సరిపెట్టాలి. చిన్న గుండీ అయస్కాంతాలను మింగితే ప్రాణాపాయం కనుక, పెద్ద అయస్కాంతాన్నే వాడాలి. పని పూర్తయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఏ భాషలో ఆలోచించాలి?

ఉర్లాలో బడి హిందీలోనో ఇంగ్లిషులోనో, వీధి ఛత్తీస్‌గఢీలో, ఇల్లు తెలుగులో సాగే పిల్లలకు భాష సహజంగానే ప్రశ్న అవుతుంది. వీలైన చోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాష లేదా మాతృభాషలో బోధన సాగాలని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. బడిలో ఏ భాష ఉన్నా, ఇంట్లో ప్రయోగం గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు. అయస్కాంతం, భూతద్దం, సగటు అనే మాటలతో అర్థం చేసుకున్న విషయాన్ని చుంబక్, లెన్స్, ఔసత్ అని బడిలో చెప్పడం కష్టం కాదు. అర్థం కాకుండా బట్టీ పట్టినది మాత్రం ఏ భాషలోనూ నిలవదు.

ఉపాధ్యాయుల పాత్ర

ఈ ప్రాంతానికి ఒక మంచి వారసత్వం ఉంది. ఛత్తీస్‌గఢ్ 2000 వరకు మధ్యప్రదేశ్‌లో భాగం. ఆ రాష్ట్రంలోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఆరంభమైన విజ్ఞాన బోధనా కార్యక్రమం, 2002 వరకు, చుట్టూ దొరికే వస్తువులతో పిల్లల చేతనే ప్రయోగాలు చేయించింది. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవడానికీ అనుమతించింది. ఇంజనీరు ఉద్యోగంలో ఉంటూ 1978లో ఆ కార్యక్రమానికి వెళ్లిన అరవింద్ గుప్తా, తర్వాత అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబులతో విజ్ఞాన బొమ్మలు చేయడం దేశమంతటా నేర్పారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఖరీదైన సామగ్రి లేదన్నది విజ్ఞాన బోధనకు అడ్డంకి కాదని ఈ కృషి నిరూపించింది.

ప్రదర్శన నిర్వహించే పాఠశాల రెండు మార్పులు చేస్తే వాతావరణమే మారుతుంది. మొదటిది, అలంకరణకు మార్కులు తగ్గించి నోటుపుస్తకానికి మార్కులు ఇవ్వడం. రెండోది, న్యాయనిర్ణేతలు ప్రతి బిడ్డనూ మూడు ప్రశ్నలే అడగడం: ‘నువ్వేం తెలుసుకోవాలనుకున్నావు? ఎలా తెలుసుకున్నావు? నువ్వు అనుకోనిది ఏదైనా జరిగిందా?’ మూడో ప్రశ్నకు బట్టీ పట్టిన సమాధానం ఉండదు. మోడల్ కొనే స్తోమత లేని కార్మిక కుటుంబపు బిడ్డ కూడా ఈ పద్ధతిలో సమానంగా నిలబడగలదు.

దుమ్ము లేని ఊళ్లలోనూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. తడి గుడ్డ నీడలో త్వరగా ఆరుతుందా, ఎండలోనా? మేకు ఉప్పునీటిలో ముందు తుప్పు పడుతుందా, మంచినీటిలోనా? నానబెట్టిన పెసలు చీకటిలో మొలకెత్తుతాయా? ప్రశ్న ఏదైనా, అది బిడ్డ కంటికి రోజూ కనిపించేదై ఉండాలి. జవాబు బిడ్డ చేతితో రాసినదై ఉండాలి. తాను పీల్చే గాలి గురించి తానే లెక్క తీసిన ఉర్లా విద్యార్థికి, రేపు పౌరుడిగా ఆ గాలి గురించి ఆధారాలతో అడిగే అలవాటు ఈ చిన్న ప్రదర్శన బల్ల దగ్గరే మొదలవుతుంది.