గుండెపోటు తర్వాత మళ్లీ ఛాతీలో నొప్పి: పొర వాపు చుట్టూ అపోహలు, వాస్తవాలు

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికి చేరిన మనిషికి మూడో వారంలో మళ్లీ ఛాతీ నొప్పి మొదలైతే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘స్టెంటు మూసుకుపోయినట్టుంది’ అని ఒకరు కంగారు పడతారు. ‘గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగితే పోతుంది’ అని ఇంకొకరు సర్దిచెబుతారు. మూడో కారణం ఒకటుందని చాలామందికి తెలియదు. దాని పేరు పెరికార్డైటిస్, అంటే గుండె చుట్టూ ఉండే పొర వాచడం.

గుండె రెండు పొరల సంచిలో ఉంటుంది. పొరల నడుమ 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉండటం వల్ల గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి ఉండదు. గుండెపోటులో కండరం లోపలి నుంచి బయటి అంచు దాకా చచ్చిపోతే, ఆ పుండు సెగ పక్కనే ఉన్న పొరకూ తగులుతుంది. ఈ మొదటి రకం వాపు సాధారణంగా తొలి మూడు నాలుగు రోజుల్లో, ఆసుపత్రిలో ఉండగానే కనిపిస్తుంది. రెండో రకం ఆలస్యంగా, ఒకటి రెండు వారాల నుంచి రెండు నెలల లోపు వస్తుంది. దెబ్బతిన్న కండరం నుంచి బయటపడిన పదార్థాల మీద శరీర రక్షణ వ్యవస్థే తిరగబడటం దీనికి మూలమని వైద్యులు భావిస్తారు. దీనినే డ్రెస్లర్ సిండ్రోమ్ అంటారు.

అపోహ: ఒకసారి గుండెపోటు వచ్చాక మళ్లీ నొప్పి వచ్చిందంటే అది రెండో గుండెపోటే.

కాకపోవచ్చు. అయితే కాదని తేల్చే పని ఇంట్లో జరిగేది కాదు. గుండెపోటు నొప్పి బరువుగా, నొక్కేసినట్టు, బిగపట్టినట్టు ఉంటుంది. చెమటలు పడతాయి. అటు తిరిగినా ఇటు తిరిగినా నొప్పిలో పెద్దగా తేడా ఉండదు. పొర వాపు నొప్పి సూదితో పొడిచినట్టు ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువవుతుంది. లేచి కూర్చుని ముందుకు వంగితే తగ్గుతుంది. అందుకే ఇలాంటి రోగులు రాత్రంతా మంచం మీద రెండు మూడు దిండ్లు ఒళ్లో పెట్టుకుని, వాటి మీదికి వాలి కునుకు తీస్తుంటారు. నొప్పి మెడకూ ఎడమ భుజానికీ మధ్య, కావడి మోసే చోటికి పాకితే అనుమానం మరింత బలపడుతుంది.

ఈ తేడాలు డాక్టరుకు దారి చూపేవే తప్ప, ఆసుపత్రికి వెళ్లకుండా ఉండటానికి సాకు కాకూడదు. కొత్త స్టెంటులో రక్తం గడ్డకట్టడం అరుదు, కానీ అది జరిగితే నిమిషాలే లెక్క.

అపోహ: పడుకుంటే మంట, కూర్చుంటే హాయి. కాబట్టి ఇది గ్యాసే.

పొరపాటు ఇక్కడే సులువుగా జరుగుతుంది. కడుపులోని ఆమ్లం గొంతు వైపు ఎగదన్నినా పడుకుంటే ఎక్కువవుతుంది, లేస్తే తగ్గుతుంది. రెండింటినీ విడదీసే గుర్తు ఊపిరి. గాలి లోపలికి తీసుకునేటప్పుడు సగంలోనే చురుక్కుమని ఆగిపోవాల్సి వస్తే అది గ్యాస్ లక్షణం కాదు. గుండెపోటు వచ్చి రెండు నెలలు దాటని మనిషి ఏ ఛాతీ నొప్పినీ గ్యాస్ ఖాతాలో వేసుకోకూడదు.

అపోహ: ఈసీజీలో కొత్తగా ఏమీ లేదన్నారు, ఎకోలో నీరు కూడా లేదన్నారు. అంటే ఏమీ లేనట్టే.

మామూలు పెరికార్డైటిస్‌లో ఈసీజీలో చాలా లీడ్లలో ఎస్‌టీ గీత ఒకేసారి పైకి లేస్తుంది, పీఆర్ భాగం కిందికి దిగుతుంది. గుండెపోటు వచ్చిన వ్యక్తి ఈసీజీ అప్పటికే మారిపోయి ఉంటుంది కాబట్టి ఈ గుర్తులు ఆ మార్పుల చాటున దాగిపోతాయి. తలకిందులు కావాల్సిన టీ తరంగం నిటారుగానే ఉండిపోవడం, లేదా తలకిందులైనది మళ్లీ ముందుగానే లేవడం వంటి చిన్న తేడాలను అనుభవం ఉన్న కన్నే పట్టుకుంటుంది. అందుకే డిశ్చార్జి నాటి ఈసీజీ కాగితం కొత్త నొప్పి వచ్చినప్పుడు ఎంతో విలువైనది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప మార్పు తెలియదు.

ఎకో సంగతీ అంతే. నీరు లేనంత మాత్రాన వాపు లేదనలేం. గుండెపోటు తర్వాత కొద్దిపాటి నీరు కనిపించడం మామూలే కాబట్టి, నీరు ఉన్నంత మాత్రాన వాపు ఉన్నట్టూ కాదు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా ఒంటరిగా తీర్పు చెప్పలేదు. గుండెపోటు తర్వాత అది రోజుల తరబడి ఎక్కువగానే ఉంటుంది, పొర వాపు పక్కనున్న కండరానికి పాకినా పెరుగుతుంది. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ పరీక్షలు వాపు ఉందని చెబుతాయి, ఎక్కడో చెప్పవు. నొప్పి తీరు, గుండె మీద వినిపించే రాపిడి శబ్దం, ఈసీజీ మార్పులు, కొత్తగా చేరిన నీరు అనే నాలుగింటిలో కనీసం రెండైనా ఉన్నప్పుడే వైద్యులు పెరికార్డైటిస్ అని నిర్ధారిస్తారు.

ఆ రాపిడి శబ్దం గురించి కొంచెం చెప్పుకోవాలి. డాక్టరు రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంగమని, ఊపిరి పూర్తిగా వదిలి బిగపట్టమని అడుగుతారు. ఛాతీ ఎముకకు ఎడమ పక్కన, కింది భాగంలో స్టెతస్కోపు బిళ్లను గట్టిగా అదిమిపెట్టి వింటారు. కొత్త తోలు చెప్పులు వేసుకుని నడిస్తే వచ్చే కిర్రుకిర్రు లాంటి చప్పుడు గుండె లయతో పాటు వినిపిస్తుంది. ఉదయం విన్నది మధ్యాహ్నానికి మాయమై, రాత్రికి మళ్లీ రావచ్చు. ఒక్కసారి విని ‘లేదు’ అనుకోకుండా పూటపూటకీ వినే డాక్టరుకే అది దొరుకుతుంది. స్కానింగుల రోజుల్లో ఈ ఓపిక తగ్గిపోతోంది. అది నిజంగా నష్టమే.

అపోహ: జ్వరం కూడా ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ వేసుకుంటే సరి.

1956లో విలియం డ్రెస్లర్ అనే హృద్రోగ నిపుణుడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి ఒక నివేదిక ప్రచురించారు. గుండెపోటు నుంచి కోలుకుంటున్న కొందరికి వారాల తర్వాత జ్వరం, ఊపిరి తీస్తే పొడిచే నొప్పి, గుండె పొరలోనూ ఊపిరితిత్తుల పొరలోనూ నీరు కనిపించాయి. 1959 నాటికి ఆయన అలాంటి 44 మంది వివరాలను క్రోడీకరించారు. ఈ రోగులను చూసి మళ్లీ గుండెపోటనీ, ఊపిరితిత్తుల్లో గడ్డ చేరిందనీ పొరబడే ప్రమాదముందని ఆయన హెచ్చరించారు. ఇప్పుడు ఆ జాబితాలో న్యుమోనియాను కూడా చేర్చుకోవాలి. ఎక్స్‌రేలో ఎడమ పక్క నీరు, ఒంట్లో జ్వరం కనిపించగానే యాంటీబయాటిక్ రాసేయడం తేలిక. డ్రెస్లర్ సిండ్రోమ్‌లో సూక్ష్మజీవి ఉండదు కాబట్టి ఆ మందుతో వాపు తగ్గదు.

మన దేశానికి సంబంధించిన మరో సంగతి. గుండె పొరలో నీరు చేరడానికి ఇక్కడ క్షయ కూడా ఒక ముఖ్య కారణం. జ్వరం వారాల తరబడి తగ్గకుండా, బరువు తగ్గిపోతుంటే గుండెపోటు చరిత్ర ఉంది కదా అని క్షయ పరీక్షలు మానకూడదు.

అపోహ: నొప్పే కదా, ఒక డైక్లోఫినాక్ వేసుకుంటే తగ్గుతుంది.

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నడుము నొప్పికి ఇచ్చే సూది, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు గుండెపోటు వచ్చినవారికి ప్రమాదకరం. ఇవి గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతాయనీ, వాడిన తొలి వారాల్లోనే ఆ ముప్పు మొదలవగలదనీ అమెరికా ఎఫ్‌డీఏ 2015లో తన హెచ్చరికను కఠినం చేసింది. ఐబుప్రోఫెన్‌తో ఇంకో చిక్కుంది. రక్తఫలకికలలో ఆస్పిరిన్ పట్టుకోవాల్సిన చోటును అది ముందే ఆక్రమించి, ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. అంటే స్టెంటును కాపాడే మందు రోజూ మింగుతున్నా మింగనట్టే కావచ్చు. పైగా గుండె కండరంలో పుండు మానుతున్న దశలో ఈ మందులు మచ్చ గట్టిపడటాన్ని దెబ్బతీస్తాయన్న ఆందోళన ఉంది. మామూలు పెరికార్డైటిస్‌కు ఐబుప్రోఫెన్ మంచి మందే. గుండెపోటు తర్వాత వచ్చేదానికి మాత్రం దాన్ని పక్కన పెట్టడానికి కారణాలివే.

దాని బదులు వైద్యులు ఎంచుకునేది ఆస్పిరిన్. ఇక్కడ ఇంకో అపోహ పుడుతుంది: ‘నేను రోజూ ఆస్పిరిన్ వేసుకుంటూనే ఉన్నాను కదా!’ రోజువారీ 75 మిల్లీగ్రాముల మాత్ర రక్తం గడ్డకట్టకుండా ఆపుతుందే కానీ వాపు తగ్గించదు. వాపు తగ్గాలంటే సుమారు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి పడాలి. తగ్గాక మోతాదును మెల్లగా దించుతారు. కడుపులో పుండు పడకుండా పాంటొప్రజోల్ లాంటిది జోడిస్తారు. అలాగని చిన్న మాత్రలు గుప్పెడు మింగడం ఎవరూ చేయకూడని పని. స్టెంటు రోగి అప్పటికే క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ వాడుతుంటారు. వాటికి పెద్ద మోతాదు ఆస్పిరిన్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. టికాగ్రెలార్ ఉన్నప్పుడు ఆస్పిరిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటితే టికాగ్రెలార్ ఫలితమే తగ్గుతుందని హెచ్చరిక కూడా ఉంది. టికాగ్రెలార్ వల్ల కొందరికి ఆయాసం వస్తుంది. అది పొర వాపు ఆయాసమనుకుని భయపడేవారూ ఉన్నారు. ఏది ఎంత, ఎన్నాళ్లు అన్నది స్టెంటు వేసిన డాక్టరే తేల్చాలి. ఆసుపత్రికి చేరేలోపు తట్టుకోలేకపోతే పారాసెటమాల్ వేసుకోవచ్చు, అది వాపును తగ్గించదన్న ఎరుకతో.

అపోహ: స్టిరాయిడ్ సూది వేస్తే ఒక్క రోజులో హాయి.

హాయి నిజమే. కానీ గుండెపోటు తర్వాత తొలి వారాల్లో చచ్చిన కండరం స్థానంలో మచ్చ కణజాలం అల్లుకుంటూ ఉంటుంది. స్టిరాయిడ్లు ఆ పనిని నెమ్మదింపజేస్తాయి. గోడ పలచబడి ఉబ్బడం, అరుదుగా చిట్లడం దాకా పోవచ్చు. వాపు మళ్లీ మళ్లీ తిరగబెట్టే గుణం కూడా స్టిరాయిడ్లతో ఎక్కువవుతుంది. మిగతా మందులేవీ పనిచేయనప్పుడు నిపుణులు తక్కువ మోతాదులో ఇస్తారు, అంతే.

అపోహ: కాల్చిసిన్ కీళ్ల మందు, పొరపాటున రాశారు.

పొరపాటు కాదు. గౌట్‌కు వాడే ఈ పాత మందు గుండె పొర వాపు తిరగబెట్టకుండా ఆపుతుంది. ఇటలీలో 240 మంది పెరికార్డైటిస్ రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కాల్చిసిన్ తీసుకోనివారిలో 37.5 శాతం మందికి వాపు తగ్గకపోవడమో తిరగబెట్టడమో జరిగితే, తీసుకున్నవారిలో అది 16.7 శాతానికి దిగింది. వారంతా గుండెపోటు రోగులు కారు, అయినా గుండెపోటు తర్వాతి వాపులోనూ ఆస్పిరిన్‌కు తోడుగా దీన్నే ఇస్తున్నారు. సాధారణంగా 0.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, 70 కిలోల లోపు బరువున్నవారికి ఒకసారి, మూడు నెలల పాటు. విరేచనాలు దీని ప్రధాన ఇబ్బంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, క్లారిత్రోమైసిన్ వాడుతున్నవారు ముందే చెప్పాలి.

తెలుగు నేల మీద చేల గట్ల వెంబడి ఎర్రగా, పసుపుగా పూసే అడవినాభి దుంపలో ఉండేదీ కాల్చిసినే. ‘మూలిక కదా, మాత్రకు బదులు దుంప తింటే పోలా’ అనే మాట ఎవరైనా అంటే గట్టిగా ఆపాలి. మందుకూ విషానికీ మధ్య దూరం దీనిలో చాలా తక్కువ. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

అపోహ: ‘గుండెకు నీరు పట్టింది’ కాబట్టి నీరు పోయే మాత్ర వేస్తే చాలు.

ఒకే మాట కింద రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరితే ఫ్యూరోసెమైడ్ పనిచేస్తుంది. గుండె పొరలో చేరిన నీరు దానితో పోదు. ఆ నీరు వేగంగా పెరిగి గుండెను నలిపేస్తుంటే బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గుండె చప్పుడు దూరంగా వినిపిస్తుంది. ఆ స్థితిలో నీరు పోయే మాత్ర ఇస్తే గుండెలోకి చేరే రక్తం మరింత తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఎకో చూస్తూ సూదితో నీరు తీయడమే చికిత్స. గుండెపోటు తర్వాత తొలి రోజుల్లో పొరలో నీరు 10 మిల్లీమీటర్ల మందం దాటితే అది రక్తమేమో, గుండె గోడ చిట్లిందేమో అని వైద్యులు వెంటనే అనుమానిస్తారు.

అపోహ: పొర వాపు వచ్చిందంటే ఇక జీవితాంతం గుండె రోగమే.

చాలామందికి వారాల్లో తగ్గిపోతుంది. పొర గట్టిపడి గుండెను బిగించే దశకు చేరడం చాలా అరుదు. నొప్పి పోయి, సీఆర్‌పీ మామూలుకు వచ్చేదాకా బరువులు మోయడం, వేగంగా నడవడం ఆపాలి.

ఒకప్పుడు గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి తొలి రోజుల్లో పొర వాపు కనిపించేది. మూసుకుపోయిన రక్తనాళాన్ని త్వరగా తెరిచే వైద్యం వచ్చాక అది నూటికి ఐదుగురి స్థాయికి పడిపోయింది. కండరం ఎంత తక్కువ చచ్చిపోతే పొరకు అంత క్షేమం. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ అనే గుండెపోటు అత్యవసర చికిత్స కార్యక్రమం కింద చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ సూదిమందు ఉచితంగా ఇస్తున్నారు. మొదటి నొప్పికే 108కి ఫోన్ చేసి తొందరగా చేరినవారికి ఈ తిప్పలన్నీ తగ్గుతాయి. ఇంటికి వచ్చాక మళ్లీ నొప్పి వస్తే మాత్రం డిశ్చార్జి కాగితాలు, పాత ఈసీజీ, వాడుతున్న మందుల చీటీ చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి ఏ భంగిమలో పెరుగుతోందో, ఊపిరి తీస్తే ఎలా ఉంటుందో, మధ్యలో ఏ మాత్ర వేసుకున్నారో డాక్టరు అడగకముందే చెప్పండి.