కమాను మీది పేరు

పార్లమెంటు సమావేశాలు లేని వారంలో ఢిల్లీ విలేఖరికి కొంత తీరిక చిక్కుతుంది. ఆ తీరికలో రామకృష్ణాపురంలో నివసించే ఒక వృద్ధ వాయులీన విద్వాంసుని చూడబోయాను. ఆయన పట్టుగుడ్డలో చుట్టిన పాత కమానును తెచ్చి నా చేతిలో ఉంచారు. విజయనగరంలో సంగీతం అభ్యసించిన తన గురువు నుంచి సంక్రమించినదట. పిడికి ఎగువన, కర్ర మీద, అరిగిన అక్షరాలలో 'టూర్ట్' అన్న ముద్ర ఉన్నది. "ఇది నిజమైతే మా అమ్మాయి ఇల్లు కొనుక్కోవచ్చు నాయనా" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గాని, ఆ నవ్వులో ఆశ దాగలేదు.

అది అతిశయోక్తి కాదు. 1835లో మరణించిన పారిస్ శిల్పి ఫ్రాన్స్వా జేవియర్ టూర్ట్ నేటి కమాను ఆకృతిని స్థిరపరచినవాడు. బ్రెజిల్ అడవులలోని పెర్నంబుకో కర్రను వేడిమితో లోపలికి వంచి, సుమారు 60 గ్రాముల బరువులో బలాన్నీ స్థితిస్థాపకతనూ సమకూర్చాడు. ఆయన చేతి పని వేలంలో లక్షల డాలర్లు పలికింది.

చిక్కేమంటే, టూర్ట్ సాధారణంగా తన కమానుల మీద పేరు వేయనేలేదు! ఆ పేరును విరివిగా వేసినవి, ఆయన గతించిన దశాబ్దాల తర్వాత, జర్మనీలోని మార్క్‌నయ్‌కిర్షెన్ ప్రాంతపు కార్ఖానాలు. కనుక ముద్ర ఉన్నదంటే అసలుది కాదనుకోవడానికే ఎక్కువ ఆస్కారం.

అసలైన చోట కూడా పేరు మోసగించగలదు. పారిస్ వర్తకుడు విల్యోమ్ తన కర్మశాలలో తయారైన కమానులకు తన పేరే ముద్రించాడు. వాటిని చెక్కినవారిలో మిర్‌కూర్ పట్టణపు క్షురకుని కుమారుడు డొమినిక్ పెకాట్ ఒకడు. 1826 నుంచి 1837 వరకు అక్కడ పనిచేశాడు. శ్రమ ఒకరిది, ముద్ర మరొకరిది. మన రాజకీయ పక్షాలలో తీర్మానాలు రాసేవారి గతి జ్ఞాపకం వచ్చింది.

అందుచేత నిపుణులు ముద్రను చివరకు చూస్తారు. ముందు చూసేది కమాను తల: దాని వంపు, అంచులను ఉలి కోసిన తీరు. ఆ పిమ్మట మర విప్పి, వెంట్రుకలను పట్టివుంచే ఎబొనీ దిమ్మను తొలగించి, దాని అడుగున కర్రలో తొలిచిన గాడిని పరిశీలిస్తారు. కొనేవాడి కంటబడని చోట పనివాడు తన అలవాటును దాచుకోడు. దిమ్మ ఒకరిది, కర్ర మరొకరిది అయిన కమానులూ ఉంటాయి.

ఇది ధరతో ముగిసే విషయం కాదు. అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1976లో చేరింది. పెర్నంబుకో 2007లో దాని నియంత్రణలోకి వచ్చింది. బ్రెజిల్ నుంచి వెళ్ళే తయారైన కమానులకూ అనుమతి కావాలని 2022లో పనామా సమావేశం నిర్ణయించింది. కమాను కొనకు అతికే ఏనుగు దంతపు పలక సంగతి సరేసరి. దంతం వ్యాపారాన్ని 1989లోనే నిషేధించారు. చేసినవాడెవరో తెలిస్తే కాలం తెలుస్తుంది. కాలం తెలిస్తే ఇది చట్టానికి పూర్వపు వస్తువని అధికారులకు నిరూపించవచ్చు. విద్వాంసుని కుమార్తె విదేశాలలో కచేరీలు చేస్తున్నది. ఈ కమాను ఆమెను చేరాలంటే సరిహద్దులు దాటాలి.

ఇద్దరం దరియాగంజ్‌లో వాద్యాలు బాగుచేసే ఒక పనివాని వద్దకు వెళ్ళాం. సారంగి గజాలకు వెంట్రుకలు కట్టడంలో ఆరితేరినవాడు. ఆ గజాన్ని చేసినవాడెవరని ఎవరైనా అడుగుతారా అంటే, వింత ప్రశ్న విన్నట్టు నా వంక చూశాడు. మర విప్పాడు. వేలు ఆనే చోట చుట్టిన తోలు ఊడదీశాడు. దాని కింద మరో ముద్ర ఉన్నది: 'జర్మనీ'.

విదేశీ సరకు మీద దేశం పేరు ఉండాలన్న పట్టుదల బ్రిటన్‌లో 1887 నాటి చట్టంతో బలపడింది. అమెరికా 1890 సుంకాల చట్టం దిగుమతులకు దానిని తప్పనిసరి చేసింది. టూర్ట్ మరణించి అప్పటికి అర్ధశతాబ్ది దాటింది. మా విద్వాంసుడు ఒక క్షణం మౌనంగా ఉన్నారు. "మరి దీన్ని చేసినవాడి పేరు?" అన్నారు. అది ఏ ముద్రలోనూ లేదు. కొత్త వెంట్రుకలకు ఎంతవుతుందో అడిగి, శుక్రవారానికి కట్టి ఉంచమని చెప్పి లేచారు.