చెఱువు పేరిటి యుద్ధశకటము

మన అనంతపురసీమ రెవెన్యూ కాగితములలో టాంకు అనగా చెఱువు. 1364లో బుక్కరాయల మంత్రియగు చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డకట్ట వేయించి పెద్ద చెఱువును నిర్మించెననియు, దాని యొద్ద వెలసిన అనంతసాగరమే నేటి అనంతపురమనియు పెద్దలు చెప్పుదురు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ మెట్టసీమకు చెఱువే ప్రాణము. అట్టి పేరు మనుష్యులను చంపు ఉక్కుబండికెట్లు వచ్చినది? 1915లో ఆంగ్లేయులు ఈ యంత్రమును గుట్టుగా నిర్మించుచు, శత్రువునకు పొక్కకుండుటకై నీటితొట్లను చేయుచున్నామని చాటిరి. 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగమున అది తొలిసారి కదలెను. పెట్టిన దొంగపేరే దానికి నిలిచిపోయెను. నీటి పేరు దాల్చిన ఆ యంత్రము నేడు పెద్దవారి బల్లమీద ఆటవస్తువైనది. ఆ ఆటను గూర్చియు, అది నీటిని మఱచుటను గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

గడ్డములు పెరిగినవారికి బొమ్మలతో పనియేమని నవ్వువారుందురు. కాని నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మల వెలుగులో భారతయుద్ధమును రాత్రియెల్ల చూచిన సీమ మనది. 1824లో ప్రష్యా సైన్యమున రైస్విట్సు అను అధికారి, పటముపై దిమ్మెలు జరుపుచు పాచికలతో జయాపజయములు నిర్ణయించు ఆటను ప్రవేశపెట్టగా, సేనానులే దానిని శిక్షణగా గైకొనిరి. 1913లో హెచ్.జి. వెల్సు అను ఆంగ్ల రచయిత ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున బొమ్మ సైనికులతో ఇంటి నేలపై సాగించు యుద్ధమునకు నియమములు వ్రాసెను. నేటి ఆట ఆ వంశములోనిదే. ఇందు మహాసేనలుండవు. ఒక్కొక్క పక్షమున పది యిరువదిమంది భటులు, ఒకటి రెండు టాంకులు. కొలబద్దతో నడక కొలుతురు. పాచిక వేసి గుఱి తగిలినదో లేదో తేల్చుదురు. అందును కొందఱు జరిగిన యుద్ధమును విడిచి, జరిగియుండదగిన యుద్ధమును కల్పించి యాడుదురు.

సాధారణముగా ఈ ఆటలోని భటుడు 28 మిల్లీమీటర్ల యెత్తుండును. కొందఱు అంతకంటె పెద్దదియగు 35వ వంతు నమూనాను కోరుదురు. జర్మనుల టైగరు టాంకు ఫిరంగితో గూడ 8.45 మీటర్ల పొడవు. 35వ వంతున అది 24 సెంటీమీటర్లగును. చేత బట్టిన బరువు తెలియును, బల్లపై పెట్టిన భయము పుట్టును. చిక్కు కొలతయందున్నది. ఆరడుగుల బల్ల ఈ లెక్కకు 64 మీటర్ల నేలయే. టాంకు ఫిరంగి వేయి మీటర్ల దూరము కొట్టవలెనన్న 28 మీటర్లకు పైబడిన బల్ల కావలెను. అట్టి బల్ల యే జమీందారు దివాణమునను లేదు! కావున పెద్ద నమూనాలతో మైదానయుద్ధమాడుట రెండు ఏనుగులను వంటయింటిలో పోరాడించుట వంటిది.

అయినను పెద్దబొమ్మలు నిరర్థకములని మేమనము. వాని స్థానము పల్లెవీధి. 64 మీటర్లనగా ఒక రచ్చకట్ట, రెండు సందులు, ఒక దిగుడుబావి, నాలుగు మిద్దెలు. అచ్చట దూరపు గుఱికి పనిలేదు. మలుపు వెనుక నేమున్నదన్నదే ప్రశ్న. మన రాతి అరుగులపై పిల్లలు గీసికొను పులిమేక ఆట ఇచ్చట గురువు. పులులు 3, మేకలు 15. పులి మేకను చంపును. మేక పులిని చంపజాలదు, దారులు మూసి కట్టివేయగలదు. టాంకును అట్లే యాడింపవలెను. లోపలివారికి సన్నని సందులగుండ కనబడునది కొంచెము. ఇఱుకు వీధిలో ఫిరంగిగొట్టము గోడకు తగులును. షెర్మను టాంకుకు ముందు కవచము 51 మిల్లీమీటర్లు, ప్రక్కన 38 మాత్రమే. ఈ లోపములను లెక్కింపని నియమములలో పులి యెల్లప్పుడు గెలుచును, అది ఆటగాదు.

ఇక కల్పనయెట్టిది కావలెను? పరదేశపు కథలేల? 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. జె.ఎన్. చౌధురి నాయకత్వమున ప్రధానదళము టాంకులతో షోలాపురము దెసనుండియు, ఏ.ఏ. రుద్ర నాయకత్వమున వేఱొక దళము బెజవాడ దెసనుండియు నడచెను. సూర్యాపేట పిదప వెనుదిరుగుచున్న నిజాము సేన మూసీ వంతెనను కూల్చెను. 17న నిజాము లొంగిపోయెను. మఱి పది వంతెనలు కూలియుండిన? ఆ నెల వానలు ముమ్మరించి నల్లరేగడి బురదయై యుండిన? టాంకొకటి బాట గానక ఒక పల్లె చెఱువుకట్టను ఎక్కియుండిన? ముప్పది టన్నుల బరువును ఆ తూము మోయునా? ఇట్టి ప్రశ్నలను అడుగువాడు చరిత్రను కంఠస్థము చేసినవానికంటె మిన్నగా నెఱుగును.

ఇచ్చట నొక హెచ్చరిక. “అట్లయిన మేమే గెలిచియుందుము” అను ఊఱటకై యాడు ఆట చరిత్రకు ద్రోహము. మా గుత్తిదుర్గమును చూడుడు. మురారిరావు దానిని హైదరాలీకి ఎదురుగా నిలుపుకొనెను; 1776లో కోట పడిపోయెను. సంధికి పూచీగా పంపబడిన బందీ నోట, కోటలో మూడు దినములకే నీరున్నదని జారిన మాట హైదరుకు చేరెననియు, అంతట అతడు ముట్టడిని విడువలేదనియు విల్క్సు తన చరిత్రలో వ్రాసెను. ఆ కోటను పడగొట్టినది ఫిరంగి కాదు, దాహము. గుత్తిని బల్లపై నిలుపువాడు గోడలను ఎంత సొగసుగా చేసినను, నీటికుండల లెక్క వ్రాయనిచో ఆడునది గుత్తి కాదు. టైగరు టాంకును అంతియే. దానికి 540 లీటర్ల ఇంధనము పట్టును, అది తీరిన పిదప 57 టన్నుల పులి మేకకంటె నిస్సహాయము.

మఱియొక లోపము దీనికంటె పెద్దది. ఈ బల్లలపై ఇండ్లుండును, ఇంటివారుండరు. హైదరాబాదు చర్య అయిదు దినములలో ముగిసినను, ఆ వెంటనే జరిగిన హింసలో 27 వేల నుండి 40 వేల మంది మరణించిరని సుందర్‌లాల్ సంఘము అంచనావేసెను. ఆ నివేదికను దశాబ్దములపాటు ప్రజలకు చూపలేదు. జయాపజయపు లెక్కలో పల్లెవారికి చోటు లేకుండుట బల్లమీదనే పుట్టిన దోషము కాదన్నమాట.

కావున ఈ ఆట నాడు యువకులకు మా సూచన యిది. మీ బల్లపై ఒక చెఱువును పెట్టుడు. కట్ట, తూము, ఆయకట్టు సహా పెట్టుడు. శత్రువు టాంకును ఆపుటకై కట్ట తెంచుటకు అనుమతింపుడు. అట్లాపినవానికి గెలుపు అంకెలు వేయుడు. పిదప ఆ పొలములలో ఎండిన ప్రతి మడికిని ఒక అంకెను తీసివేయుడు. చివరకు ఎవ్వరికి మిగులునో కూడిచూడుడు. కఱవు నెఱిగిన సీమవారు ఈ నియమమును వ్రాయకున్న మఱెవ్వరు వ్రాయుదురు? యుద్ధశకటము మన చెఱువు పేరును మోసికొని తిరుగుచున్నది. కనీసము మన బల్లమీదనైనను అది ఆ పేరునకు బదులు చెప్పవలెను.