నూనె బావిలో గుడ్డు కంపు

చెరువు అడుగున నల్లటి బురద ఉంటుంది చూడండర్రా, కాలితో కెలికితే బుడగలు లేచి కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. రొయ్యల చెరువులున్న ఊళ్ళ పిల్లలకైతే ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. అదే వాయువు ఇనుముతో కలిసి బురదను అలా నల్లబరుస్తుంది. గాలి అందని చోట బతికే కొన్ని బాక్టీరియా చేసే పని ఇది. మనం ఆక్సిజన్ పీలుస్తాం, అవి నీళ్ళలో కరిగిన సల్ఫేటును పీల్చుకుని ఈ వాయువును వదులుతాయి. 1895లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బైయరింక్ అనే శాస్త్రవేత్త వీటిని పట్టి చూపించాడు. 1926లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్సన్ బాస్టిన్, చమురు బావుల్లోంచి వచ్చే నీళ్ళలోనూ ఇవే ఉన్నాయన్నాడు.

ఇప్పుడు బ్రిటన్‌కీ నార్వేకీ మధ్య ఉన్న ఉత్తర సముద్రానికి పోదాం. అక్కడ సముద్రం అడుగున, ఇంకా కిలోమీటర్ల లోతులో, రాతి సందుల్లో చమురు ఉంది. తోడేకొద్దీ లోపలి ఒత్తిడి పడిపోయి చమురు పైకి రావడం మానేస్తుంది. అందుకని కొన్ని బావుల్లోంచి నీళ్ళు లోపలికి కొట్టి, ఆ ఒత్తిడితో చమురును మిగతా బావులవైపు నెడతారు. చుట్టూ ఉన్నది సముద్రమే కదా, ఆ నీళ్ళే కొడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. రాతిలోని పాత నీళ్ళలోనేమో ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, ఇంకా దాని చుట్టాలూ ఉంటాయి. బాక్టీరియాకి అవి మంచి తిండి. లోపలి రాయి బాగా వేడిగా ఉన్నా, ఏళ్ళ తరబడి చల్లటి సముద్రపు నీరు పోయగా పోయగా బావి చుట్టుపక్కల చల్లబడి వాటికి హాయిగా ఉంటుంది. అలా కొన్నేళ్ళు గడిచాక, అవతలి బావిలో చమురుతో పాటు గుడ్డు కంపూ బయటికొస్తుంది.

కంపే కదా అని తేలిగ్గా తీసుకోకండి. గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు కూడా లేకముందే మన ముక్కు దీన్ని పసిగడుతుంది. అదే వంద పాళ్ళకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. పీడ పోయిందనుకుని అడుగు ముందుకేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అలాంటి బావుల దగ్గర పనిచేసేవాళ్ళు ముక్కును నమ్ముకోరు, చొక్కాకి తగిలించుకున్న గ్యాస్ మీటరును నమ్ముకుంటారు. ఈ వాయువు ఉక్కు గొట్టాలనూ వదలదు, పెళుసుబార్చి పగిలేలా చేస్తుంది.

దీనికి మొదట వాడిన మందు విషమే. ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ గొట్టాలను శుద్ధి చేసే గ్లూటరాల్డిహైడ్‌ను నీళ్ళలో కలిపి పంపేవారు. కానీ ఈ బాక్టీరియా గొట్టం గోడకీ రాతికీ అంటుకుని, చుట్టూ జిగురు పొర కట్టుకుని బతుకుతాయి. పైనున్నవి చచ్చినా అడుగున ఉన్నవి మిగిలిపోతాయి. పైగా రాతిలోకి పోయేకొద్దీ మందు పలచబడుతుంది, కొంత రాతికే పట్టుకుపోతుంది. వాయువు తయారయ్యే చోటిదాకా సరిగా చేరదు. చేసేవాళ్ళ చేతులకీ, సముద్రంలోని చేపలకీ మంచిది కాని మందును ఏళ్ళ తరబడి పోస్తూ ఉండటం నాకైతే మనసొప్పదు.

ఇదిగో, అసలు కిటుకు ఇప్పుడు చెబుతాను. వాటిని చంపడం మానేసి, వాటి పోటీదారులకు బలం ఇచ్చారు! ఆ బలం పేరు నైట్రేటు. మన మిరప, టమాటా రైతులు డ్రిప్పులో వదిలే కాల్షియం నైట్రేటే అది. సల్ఫేటు బదులు నైట్రేటును పీల్చుకునే బాక్టీరియా కూడా ఆ నీళ్ళలోనే ఉంటాయి, నైట్రేటు దొరక్క మూలన పడి ఉంటాయి. అది అందిందా, ఇక వాటిదే రాజ్యం. అదే తిండిలోంచి వాటికి ఎక్కువ శక్తి వస్తుంది మరి. పెళ్ళిలో మొదటి బంతివాళ్ళే గారెలన్నీ ఖాళీ చేస్తే రెండో బంతికి ఏం మిగులుతుంది? సల్ఫేటు జీవుల గతి అదే. అక్కడితో ఆగదు. నైట్రేటులోంచి పుట్టే నైట్రైటు, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేసే ఆఖరి ఎంజైమును కట్టిపడేస్తుంది. ఇంకొన్ని బాక్టీరియా నైట్రేటు సాయంతో, అప్పటికే తయారైన కంపు వాయువును కూడా హరించేస్తాయి. ఒక్క ఎరువుతో మూడు పనులు!

నార్వే వాళ్ళు 1999లో వెస్లెఫ్రిక్ అనే క్షేత్రంలో గ్లూటరాల్డిహైడ్‌ను ఆపేసి నైట్రేటు పోశారు. నీళ్ళు కొట్టే గొట్టాల్లో సల్ఫేటు బాక్టీరియా వేల రెట్లు తగ్గిపోయాయి. తుప్పు కూడా తగ్గింది.

కెనడాలో మెడిసిన్ హ్యాట్ దగ్గర మాత్రం ఇంకో తమాషా జరిగింది. నైట్రేటు ఆగకుండా పోస్తుంటే మొదట కొన్ని వారాలు కంపు బాగా తగ్గి, మళ్ళీ పెరిగింది. బావి మొదట్లోనే బలిసిన నైట్రేటు జీవులు వచ్చినదంతా వచ్చినట్టే వాడేసుకుంటున్నాయి, లోపలికి చుక్క కూడా పోవడం లేదు. ఆ నైట్రేటు చేరని చోట సల్ఫేటు జీవులు మళ్ళీ కాపురం పెట్టాయి. కాల్గరీ విశ్వవిద్యాలయంలో గెరిట్ వూర్డౌ బృందం దీనికి మందు మార్చలేదు, పోసే పద్ధతి మార్చింది. రోజూ కొంచెం కొంచెం కాకుండా, ఆపి ఆపి ఒక్కసారే చిక్కగా వదిలారు. ముందున్నవి అంత నైట్రేటునూ ఒక్కసారి వాడుకోలేక వదిలేసినది లోపలిదాకా పారింది, కంపు తగ్గింది. నైట్రేటు పూర్తిగా మానేస్తే మాత్రం సల్ఫేటు జీవులు తిరిగొస్తాయి. అందుకని బావిలోకి నీళ్ళు కొట్టినన్నాళ్ళూ దాన్నీ పోస్తూనే ఉండాలి.