పొలుసుల వెనక పొంచి ఉన్న గుండెపోటు

గుండెజబ్బు పట్నవాసులదే అన్న నమ్మకాన్ని గోదావరి పల్లెలే వమ్ము చేశాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 1,354 మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే అని తేలింది. ఆలమూరు లాంటి గోదావరి ఊళ్లో, గుండెకూ ముప్పు తెచ్చే సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవారు ఈ లెక్కను మరింత శ్రద్ధగా చదవాలి.

ఈ జబ్బులో మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రటి మందపాటి మచ్చలు, వాటిపై వెండిరంగు పొలుసులు. పొలుసు గిల్లితే సూదిమొనంత రక్తపు చుక్కలు. మామూలుగా నెల పట్టే చర్మకణాల మార్పిడి ఇక్కడ వారంలోపే జరిగిపోతుంది. ఇది అంటురోగం కాదు. గజ్జో తామరో అనుకుని పక్కన కూర్చోవడానికి జంకడం అన్యాయం.

అసలు లోపం రోగనిరోధక వ్యవస్థలో ఉంది. అదుపు తప్పిన రక్షణకణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి వాపు పుట్టించే రసాయనాలను అతిగా వదులుతాయి. అవి చర్మం దగ్గరే ఆగవు. రక్తంలో కలిసి ధమనుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ కొవ్వు పేరుకోవడం, ఆ పూడిక చిట్లి రక్తం గడ్డకట్టడం సులువవుతుంది. పైగా వీరిలో ఊబకాయం, షుగర్, బీపీ కూడా ఎక్కువే. కీళ్లనొప్పులు తోడైతే నడకా తగ్గిపోతుంది.

బ్రిటన్ రోగుల రికార్డులతో 2006లో వెలువడిన పెద్ద అధ్యయనం ముప్పును అంకెల్లో చూపింది. తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్లవారికి గుండెపోటు ముప్పు, అది లేని అదే వయసువారి కంటే మూడు రెట్లు. 60 ఏళ్లవారిలో 36 శాతం ఎక్కువ. ముప్పయ్యేళ్లకు గుండెపోటు అరుదే. కానీ ఆ వయసులో గుండె సంగతి ఎవరికీ తట్టదు, అదే అసలు ప్రమాదం.

ఈ జబ్బు మందుల కథలో మనవారొకరున్నారు. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులను రూపొందించింది. అవి కేన్సర్ కోసం. 1951లో కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇచ్చి చూసిన వైద్యులు సోరియాసిస్ మచ్చలు తగ్గడం గమనించారు. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి మూడేళ్లు. మెథోట్రెక్సేట్ నేటికీ సోరియాసిస్‌కు వాడుతున్న మందే. అయితే 2018లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, అప్పటికే గుండెజబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదులో ఇస్తే అది గుండెపోట్లను తగ్గించలేదు. అంటే చర్మం మందు వేసుకుంటున్నాం కదా అని గుండెను వదిలేయడానికి లేదు. అదే ఏడాది అమెరికా హృద్రోగ నిపుణులు కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో సోరియాసిస్‌ను ముప్పు పెంచే అంశంగా చేర్చారు.

సోరియాసిస్ ఉన్నవారు ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు బీపీ, షుగర్‌తో పాటు కొలెస్ట్రాల్ కూడా చూడమని అడగండి. సిగరెట్, చుట్ట మానేయండి. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ మాత్రలు వాడకండి. వాటిని ఉన్నట్టుండి ఆపితే జబ్బు విజృంభించవచ్చు. ఛాతీ పట్టేసినా, చెయ్యి లాగినా, చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.