కార్యం మీద వచ్చినవాళ్ల ఊరు

ఆఫీసు పని మీద రెండు వారాలు కౌలాలంపూర్‌లో ఉన్నాను. వెళ్లేముందు రాసుకున్న చూడాల్సిన చోట్ల జాబితాలో సగం అలాగే మిగిలిపోయింది. ఆ సగం బదులు, నాకంటే ముందు పని కోసం ఆ ఊరు చేరినవాళ్ల జాడలు కనిపించాయి.

గోదాము గోడకు కరెంటు పెట్టె. దాని తలుపు మీద ఎర్రటి గుర్తు, కింద ఇంగ్లిషు అక్షరాల్లో ఒక మాట. కూడబలుక్కుని చదివాను: ‘బహాయ’. అర్థం ఎవర్నీ అడగలేదు. చాపిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అది మన ‘భయ’మే. మలయ్ భాషలో ప్రమాదం అని అర్థం.

క్లాంగ్ రేవుకు దగ్గర్లో ఉన్న ఆ గోదాములో సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్పడానికి హైదరాబాద్ నుంచి నన్ను పంపారు. మలయ్‌ను ఇప్పుడు ఎక్కువగా రోమన్ లిపిలోనే రాస్తారు కాబట్టి బోర్డులన్నీ చదువుకోవచ్చు. చదువుతూ నడుస్తుంటే తెలియని ఊళ్లో చుట్టాలు ఎదురవుతున్నట్టే ఉంటుంది. భాష ‘బహాస’, పేరు ‘నామ’, ఏనుగు ‘గాజా’, ఉపవాసం ‘పుఆస’. భర్తను ‘సుఆమి’ అంటారు, భార్యను ‘ఇస్తెరి’ అంటారు. హాస్టల్‌ను ‘అస్రామ’ అంటారు. దేశ ప్రధానిని ‘పెర్దాన మెంతెరి’ అంటారు.

ఈ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. సుమత్రా దీవిలో దొరికిన కెడుకన్ బుకిట్ శాసనం క్రీస్తుశకం 683 నాటిది. అందులో భాష పాత మలయ్, లిపి పల్లవుల లిపి, మాటల నిండా సంస్కృతం. ఓడల మీద సరుకుతోపాటు మాటలూ దిగాయి. దిగిన మాటల్లో కొన్ని అక్కడి గాలికి అర్థం మార్చుకున్నాయి. మనకు దిగులైన ‘చింత’ వాళ్లకు ప్రేమ. సంసారం నుంచి పుట్టిన ‘సెంగ్సార’ అంటే యాతన. మా ఇళ్లలో సంసారం అంటే ఏమిటో చెప్పేసరికి గోదాములో అమ్మాయిలంతా ఒక్కసారిగా నవ్వారు. పెళ్లయినవాళ్లు మరికాస్త ఎక్కువ నవ్వారు. ఆ తర్వాత రెండు వారాలూ నేను వాళ్లకు టీచర్ని కాదు, అక్కని. ‘కకక్’ అని పిలిచేవాళ్లు.

పనిని ‘కెర్జ’ అంటారు. మన ‘కార్యం’ అలా మారింది. నా రెండు వారాల్ని ముందుకు నడిపింది ఈ మాటే.

బురదలో దిగినవాళ్లు

ఊరి పేరుకు బురద కూడలి అని అర్థం చెబుతారు. గోంబాక్ నది క్లాంగ్‌లో కలిసే చోటు అది. 1857లో రాజా అబ్దుల్లా అనే మలయ్ ప్రభువు తగరం కోసం 87 మంది చైనా కూలీలను క్లాంగ్ నది ఎగువకు పడవల్లో పంపాడు. పడవలు అంతకు మించి పైకి వెళ్లలేక ఆ కూడలి దగ్గర ఆగాయి. అక్కడి నుంచి అడవిలో నడిచి అంపాంగ్ చేరారు. నెల తిరిగేసరికి జ్వరాలతో చాలామంది పోయి 18 మందే మిగిలారని చెబుతారు. గని మాత్రం ఆగలేదు. మళ్లీ మనుషుల్ని పంపారు. వాళ్ల గుడిసెలూ అంగళ్లూ కలిసి ఊరైంది.

ఆ రెండు నదులు కలిసే కోణంలో ఇప్పుడు మస్జిద్ జామెక్ ఉంది. 1909లో కట్టారు. తెలుపూ ఎరుపూ పట్టీల మినార్లు, కొబ్బరిచెట్ల మధ్య గుమ్మటాలు. నేను వెళ్లిన సాయంత్రం నాలుగింటికి ఆకాశం విరిగిపడింది. అక్కడి వానకు తుంపర, జల్లు అనే మెట్లు లేవు. దిగితే ఒక్కసారే దిగుతుంది. వంతెన కింద నది చూస్తుండగానే ఎర్రగా ఉబ్బింది. పక్కన నిలబడ్డ పెద్దాయన సొరంగం సంగతి చెప్పాడు. ఊరి అడుగున తొమ్మిదిన్నర కిలోమీటర్లకు పైగా పొడవైన స్మార్ట్ టన్నెల్ ఉంది. 2007లో తెరిచారు. అందులో కొంత మేర మామూలు రోజుల్లో కార్లు తిరుగుతాయి. వరద ముదిరితే కార్లను బయటికి పంపి, తలుపులు మూసి, నీళ్లు వదులుతారు. నది ఒడ్డున పుట్టినందుకు ఆ ఊరు నదితో చేసుకున్న రాజీ అది.

1881లో అగ్నిప్రమాదం, ఆ తర్వాత వరద ఊరిని తుడిచిపెట్టాయి. అప్పటి చైనా పెద్ద యాప్ ఆ లాయ్ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. తాటాకు ఇళ్ల చోట ఇటుక ఇళ్లు కట్టాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఇటుక బట్టీలు లేచిన చోటు బ్రిక్‌ఫీల్డ్స్ అయింది. నా బస అక్కడే.

తోటల్లోంచి వచ్చిన వీధి

బ్రిక్‌ఫీల్డ్స్‌లో తెల్లవారితే మల్లెపూల వాసన, సాంబ్రాణి, దోసె పెనం చప్పుడు. లిటిల్ ఇండియా అని పేరుపెట్టి, 2010లో తోరణాలతో తీర్చిదిద్దారు. ఒకప్పుడు రైల్వే కూలీలూ గుమాస్తాలూ కాపురమున్న పేట అది. నడకదారుల పొడవునా పసుపు పట్టీలు ఉంటాయి. చూపులేనివారి సంఘం అక్కడ ఉండటంతో వాళ్ల కర్రలకు దారి చూపే పట్టీలవి. పొద్దున ఆఫీసు వేళకు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నలుగురైదుగురు వరుసగా వెళుతుంటే జనం మాట్లాడకుండా పక్కకు జరిగేవాళ్లు.

పెద్ద వీధి పేరు జాలన్ తున్ సంబంతన్. మలయా స్వాతంత్ర్య తరం నాయకుల్లో ఒకరాయన. 1957లో తెల్లదొరలు వెళ్లిపోయాక వాళ్ల రబ్బరు తోటల్ని ముక్కలుగా అమ్మేస్తుంటే కూలీలు వీధిన పడ్డారు. 1960లో ఆయన ముందుండి ఒక సహకార సంఘం పెట్టించి, కూలీల దగ్గరే చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి, ఆ డబ్బుతో తోటలు కొన్నారు. కూలీ తను గీసే చెట్టుకు వాటాదారు అయ్యాడు. ఆ వీధిలో నడిచినప్పుడల్లా ఈ సంగతి తలుచుకునేదాన్ని.

ఆ తోటల్లో తమిళులే ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు పేరాక్‌లో, కెడాలో, జొహోర్‌లో దిగారు. బగాన్ దతోక్ వైపు కొబ్బరితోటల్లో తెలుగు కుటుంబాలు గుంపులుగా స్థిరపడ్డాయి. చల్లపూట పాలు బాగా కారతాయని రబ్బరు చెట్టును తెల్లవారకముందే గీస్తారు. నుదుటికి దీపం కట్టుకుని చీకట్లో పని. 1942 తర్వాత జపాను సేన ఈ తోటల్లోంచే వేలాది మందిని సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించింది. 415 కిలోమీటర్ల ఆ దారి పొడవునా వాళ్లు రాలిపోయారు. యుద్ధఖైదీల సమాధులకు పేర్లున్నాయి. ఈ కూలీల్లో చాలామందికి సమాధులే లేవు.

ఇవన్నీ చదివి తెలుసుకున్నవి. గొంతుతో విన్నది మాత్రం కారులో. మూడో రోజు నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడుతుంటే, డ్రైవరు అద్దంలోంచి చూసి అడిగాడు: “తెలుగోలా అమ్మా?” అరవై దాటిన మనిషి. తెలుగు మధ్యలో తమిళం, మలయ్ కలుస్తున్నాయి. క్రియ దగ్గరికి వచ్చేసరికి మాత్రం శ్రీకాకుళం వాసన. ‘ఎల్లిపోనాడు’, ‘ఒచ్చినాడు’, ‘ఏటి సేస్తాం’. తాతల కాలంలో ఓడెక్కిన తెలుగు, ఎక్కిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

“మా తాత వైజాగ్ జిల్లా అమ్మా.” ఏ ఊరని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. “ఊరు పేరు నాయనమ్మకి తెలుసు. మేం అడగలేదు.” తర్వాత తనే చెప్పాడు. “ఓడెక్కిన రోజు తాత వాళ్ల అమ్మతో ‘ఎల్లొస్తానే’ అన్నాడంట. మూడేళ్లు పనిజేసి డబ్బు తెస్తానన్నాడంట. మల్లీ ఎల్లలేదు.”

ఆయన చదివింది తమిళ బడిలో. తోటలో తెలుగు బడి లేదు. పిల్లలు ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడతారు. అయినా ఉగాదికి తెలుగు సంఘం దగ్గరికి వెళ్లి పచ్చడి తిని వస్తామన్నాడు. ఆ సంఘం 1955లో ఆంధ్ర సంఘంగా మొదలైంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ ఊళ్లోనే. అప్పుడు తను కుర్రాడినని, అంతమంది తెలుగువాళ్లను ఒక్కచోట చూడటం అదే మొదలని చెబుతుంటే ఆయన గొంతు మారింది.

“తిన్నారా?”

గోదాములో ఎవరు ఎదురైనా ముందు అడిగేది ‘దాః మకాన్?’ అంటే తిన్నావా అని. మన ఊళ్లలో వాకిట్లోంచి వినిపించే పలకరింపే. తిన్నానంటే టీ తాగమంటారు. రెండు గ్లాసుల మధ్య బారెడు ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించే తెహ్ తారిక్. కొబ్బరిపాలలో వండిన అన్నం, వేయించిన నెత్తళ్లు, వేరుసెనగలు, గుడ్డు, మిరపకాయల సంబల్ అన్నీ అరిటాకులో చుట్టిన నసి లెమాక్. ఆకు విప్పగానే వచ్చే ఆవిరి వాసనకు మా కోనసీమ గుర్తొచ్చేది.

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలపాటు పని ఆగుతుంది. మలయ్ మగవాళ్లు మసీదుకు వెళతారు. మిగతావాళ్లెవరూ ఆ వేళకు మీటింగు పెట్టరు. మాంసం తినని నా కోసం చైనా సహోద్యోగి ఒకామె, వంటవాడితో మాట్లాడి, నెత్తళ్లు లేని సంబల్ రోజూ వేరుగా తెప్పించింది. ఇది తేలిగ్గా వచ్చిన మర్యాద కాదు. 1969 మే 13న ఇదే ఊళ్లో మలయ్‌లకూ చైనావాళ్లకూ మధ్య రక్తం పారింది. ఆ తర్వాత వచ్చిన విధానాల మీద వాదనలు నేటికీ ఇళ్లలో, ఆఫీసుల్లో నడుస్తూనే ఉన్నాయి. అయినా పక్కవాడి పళ్లెంలో ఏముండాలో, ఏముండకూడదో గుర్తుపెట్టుకుంటారు. ఆ అలవాటు నాకు ఆ ఊళ్లోని ఏ కట్టడం కంటే గొప్పగా కనిపించింది.

గోపురాల నీడలో

చివరి ఆదివారం రాత్రి పెట్రోనాస్ జంట గోపురాలు చూశాను. 452 మీటర్లు, 88 అంతస్తులు. 1998లో పూర్తయినప్పుడు లోకంలో అంతకు మించిన ఎత్తయిన భవనం లేదు. ఒక గోపురాన్ని జపాను సంస్థల బృందం, ఇంకొకదాన్ని కొరియా సంస్థల బృందం పోటీపడి కట్టాయి. వెండికాంతి వర్షంలో తడుస్తుంటే తల వెనక్కి వాల్చి చూస్తూ ఉండిపోయాను.

తల దించితే గేటు దగ్గర నేపాలీ కాపలాదారు, ఊడుస్తున్న బంగ్లాదేశ్ కుర్రాడు. ఆ రాత్రి అన్నం వడ్డించిన అబ్బాయిది జగిత్యాల వైపు. ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి, మంచి కంపెనీలో ఉద్యోగమని నమ్మి వచ్చాడు. దిగాక చేతిలో ఉన్నది విజిట్ వీసా అని తెలిసింది. “ఇంట్ల చెప్పలే అక్కా, పైసలు పంపుతనే ఉన్న” అన్నాడు. భారత హైకమిషన్ ఎక్కడుందో చెప్పి, రేపే వెళ్లమన్నాను. బయల్దేరేవాళ్లకు చెప్పాల్సిందీ ఒకటుంది: ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. డబ్బు కట్టాక కాదు, కట్టకముందే కాగితం చదివించుకోవాలి.

పేర్లు మారాయి. తగరం పోయి సిమెంటు వచ్చింది. ఓడ పోయి విమానం వచ్చింది. నేను వెళ్లిందీ కార్యం మీదే, వాళ్లు వెళ్లిందీ కార్యం మీదే. నాకు హోటల్ గది, తిరుగు టికెట్ ముందే చేతికిచ్చారు. ఆ 87 మందికి గానీ, చీకట్లో చెట్లు గీసినవాళ్లకు గానీ, జగిత్యాల కుర్రాడికి గానీ అవి దొరకలేదు.

విమానాశ్రయానికి అదే డ్రైవరును పిలిచాను. దారి పొడవునా పామాయిల్ తోటలు. దారం పట్టి నాటినట్టు వరసలు, వాటి మధ్య చిక్కటి నీడ. అటే చూస్తూ, “ముందర ఇదంతా రబ్బరు” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

సామాను దించి ఇచ్చాడు. చేతులు జోడించి, అలవాటు కొద్దీ అనేశాను: “వెళ్లొస్తానండీ.”

అన్నాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. ఆయన నవ్వి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని అన్నాడు: “ఎల్లి రా అమ్మా. ఇంటికాడ అమ్మకి ఫోన్ సెయ్యి, బయల్దేరినానని.”