పిల్లలతో కొండ ఎక్కుతారా? దారి ఓకే.. టైమ్ మాత్రం చూసుకోండి!

తిరుచానూరు నుంచి తల ఎత్తి చూస్తే శేషాచలం కొండలు కనిపిస్తాయి. మరి ఆ కొండను కాళ్లతో ఎక్కిన మన పిల్లలు ఎంతమంది? సెలవొస్తే వాళ్ల చేతిలో ఒక ఫోన్, మన చేతిలో ఇంకో ఫోన్. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు కదిలే ఆట, నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికోసం ఊటీ దాకా వెళ్లక్కర్లేదు.

తిరుమలకు రెండు మెట్లదారులున్నాయి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు దారి సుమారు 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. పెళ్లయ్యాక శ్రీనివాసుడు, పద్మావతి అమ్మవారు ఈ దారినే కొండెక్కారని స్థలపురాణం. అమ్మవారి ఊరి పిల్లలకు ఈ కథ చెబుతూ నడిపిస్తే సగం అలసట తెలియదు. మొదటిసారైతే ఇదే బెటర్. దూరం తక్కువే గానీ నిటారుగా ఉంటుంది, తొందరపెట్టొద్దు.

ఇక అసలు భయం.. చిరుత. అది ఊరికే పుట్టిన భయం కాదు. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక చిన్న బాబుపై చిరుత దాడి చేసింది. జనం కేకలు వేయడంతో వదిలేసి పోయింది, బాబు బతికాడు. అదే ఏడాది ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణమే పోయింది. రెండూ చీకటి పడ్డాక జరిగినవే. చిరుతలు ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారేలోపు తిరుగుతాయి. పెద్దవాళ్ల గుంపు జోలికి రావడం అరుదు. గుంపు నుంచి విడిపడిన చిన్న ఆకారం మాత్రం దానికి వేటలా కనిపిస్తుంది. అందుకే ఆ తర్వాత 12 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటలు దాటితే నడకదారిలోకి వదలకుండా టీటీడీ ఆంక్ష పెట్టింది. నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. "ఏం కాదులే" అని సాయంత్రం బయల్దేరడం మాత్రం వద్దే వద్దు.

పొద్దున్నే మొదలుపెడితే ఎండ బాధా తప్పుతుంది. చిన్నోళ్లు ముందు పరిగెత్తకుండా ఒక పెద్దమనిషి ముందు, ఒకరు వెనక నడవాలి. మూత్రానికని పొదల వైపు ఒంటరిగా పంపకండి. నీళ్లు, బొరుగులు, అరటిపళ్లు చాలు. తినే సంచి పిల్లల చేతికి ఇవ్వకండి, కోతులు లాక్కుంటాయి. అలిపిరిలో లగేజీ ఇస్తే టీటీడీ ఉచితంగా పైకి చేరుస్తుంది.

ఇంకా చిన్న పిల్లలైతే ముందు కపిలతీర్థం దాకా ఒక నడక, తర్వాత తలకోన. అక్కడి జలపాతం ఎత్తు 270 అడుగులు. రాళ్లు జారుతాయి కాబట్టి చెయ్యి వదలొద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా శేషాచలం లోపలి దారుల్లోకి మాత్రం పోకండి.

ఎక్కాక తిరిగి మెట్లు దిగాలని పట్టుబట్టకండి. మోకాళ్ల నొప్పులు దిగేటప్పుడే ఎక్కువ. తిరుపతికి బస్సులున్నాయి.